చదువు కాయకము, తోడ్పాటు దాసోహము
(ఇంజనీరింగు విద్య ప్రారంభించు యువతకొక పాఠము)



మన యిండ్లలోని బాలబాలికలు ప్రతియేట ప్రవేశ పరీక్షలో ర్యాంకు సంపాదించి ఇంజనీరింగు కళాశాలలలో చేరుచున్నారు. సీటు లభించిన దినమున ఆ యిల్లు పండుగవలె నుండును. కాని మొదటి సెమిస్టరు ఫలితములు వెలువడిన దినమున అదే యింట ఎవరును నోరు మెదపకుండుట నేను పలుమారు చూచితిని. ప్రవేశము దొరకుట వేరు, అచ్చట నిలదొక్కుకొనుట వేరు. ఈ రెండవదానికి కావలసిన సాధనములు రెండు: చదువు విధానము, పదుగురితో కలిసి పనిచేయు నేర్పు. వీనిని బసవేశ్వరుడు బోధించిన కాయక దాసోహముల వెలుగులో విచారింతము.

ఒక విద్యార్థి అనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట, నాయొద్ద పదవ తరగతి వరకు చదివిన బాలుడొకడు మొదటి సెమిస్టరులో గణితమును, ఇంజనీరింగు డ్రాయింగును తప్పి, చదువు మానివేసెదనని మా యింటికి వచ్చెను. తండ్రి కిరాణా దుకాణములో గుమాస్తా, అప్పుచేసి పంపినవాడు. నోటుపుస్తకము చూపుమంటిని. అక్షరములు ముత్యములవలె నుండెను. "నాయనా, పుస్తకము మూసి, నిన్న చదివిన లెక్కను ఈ కాగితముపై చేయుము" అంటిని. రెండు వరుసలు వ్రాసి కలము నిలిపివేసెను. "చూచునప్పుడు అంతయు తెలిసినట్లే యుండును మాస్టారూ! మూసినచో ఏమియు రాదు" అనెను.

ఆ మాట నాకు ములుకువలె తగిలెను. ఏలయన, చూచి వల్లెవేయుటను మెచ్చుకొని వానికి మార్కులు వేసినవారిలో నేనును ఒకడను. తప్పు వానిదొక్కనిదే కాదు.

చదువు: కాయకము

కాయకమనగా కేవలము పొట్టకూటి పని కాదు. సత్యశుద్ధముగా, తన చేతులతో తాను చేసి, దైవార్పణముగా నెంచు శ్రమ. ఒకరి కాయకము మరియొకరు చేయలేరు. చదువును ఇట్టిదే. ఉపాధ్యాయుడు బోర్డుపై చేసిన లెక్క ఉపాధ్యాయుని కాయకము. అది విద్యార్థిది కావలెనన్న అతడు స్వయముగా చేయవలెను.

దీనిని నేటి పరిశోధనయు బలపరచుచున్నది. 2006లో అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞులు రోడిగర్, కార్పికే అనువారు విద్యార్థులచే కొన్ని గద్యభాగములను చదివించిరి. కొందరు మరల మరల చదివిరి. కొందరు చదివిన పిదప చూడక జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. ఐదు నిమిషముల తరువాత పరీక్షింపగా మరల చదివినవారే మిన్న. కాని వారము తరువాత పరీక్షింపగా, జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారే మిన్నయైరి. చదువుచున్నప్పుడు కలుగు "తెలిసినది" అను తృప్తి మనలను మోసగించునని దీనివలన తెలియుచున్నది.

కావున క్రొత్త విద్యార్థి పాటింపవలసిన నియమములు ఇవి:

1. ఆ దినము విన్న పాఠమును ఆ రాత్రియే పుస్తకము మూసి ఒక పుటలో వ్రాయవలెను. వ్రాయలేకపోయిన చోటనే తిరిగి చదువవలెను.

2. అదే పాఠమును రెండు దినముల తరువాత, వారము తరువాత, నెల తరువాత మరల జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. పరీక్ష ముందటి రాత్రి జాగరణము శివరాత్రికి తగును గాని గణితమునకు తగదు.

3. ప్రవేశ పరీక్షలో నాలుగు సమాధానములలో నొకటి గుర్తించిన చాలును. ఇచ్చట అట్లు కాదు. సూత్రము ఎట్లు వచ్చెనో మెట్టు మెట్టుగా చూపవలెను. కావున సమాధానముకంటె దారికి విలువనిచ్చుట అలవరచుకొనవలెను.

4. తెలుగు మాధ్యమమునుండి వచ్చినవారు భావమును మొదట తెలుగున తమ మాటలలో వ్రాసికొని, పిదప ఆంగ్ల పరిభాషను జతపరచవలెను. భాష రాకపోవుట బుద్ధి లేకపోవుట కాదు.

తోడ్పాటు: దాసోహము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములోని అనుభవమంటపమును స్మరింతము. అల్లమప్రభువు అధ్యక్షుడు. మడివాళ మాచయ్య వస్త్రములు ఉతుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, నులియ చందయ్య త్రాళ్ళు పేనువాడు. వీరందరును ఒక్క సభలో కూర్చుండి ప్రశ్నించిరి, ఉత్తరమిచ్చిరి. అక్కమహాదేవి వచ్చినప్పుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెనని సంప్రదాయము. ఆ ప్రశ్నను ఎవరును అవమానముగా నెంచలేదు.

ఇంజనీరు పనియు ఒక్కరిది కాదు. ప్రశ్నింపని సంఘమునకు ఏమగునో తెలుపు ఉదాహరణ యొకటి కలదు. 1998 డిసెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారక గ్రహమునకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపెను. భూమిపైనున్న ఒక బృందము యొక్క కంప్యూటరు ప్రోగ్రాము ఇంజనుల ప్రచోదనమును పౌండు-సెకనులలో లెక్కించి యిచ్చెను. మరియొక బృందము వానిని న్యూటన్-సెకనులని భావించెను. ఒక పౌండు బలము సుమారు 4.45 న్యూటనులు. ఈ తేడాచే దారి తప్పిన నౌక 1999 సెప్టెంబరు 23న గ్రహమునకు మిక్కిలి సమీపముగా పోయి నష్టమయ్యెను. మార్గమును లెక్కించువారికి సందేహము కలిగినను అది తుదివరకు తేలలేదు. ఇరువైపులను మేధావులే. లోపించినది "ఈ అంకె ఏ ప్రమాణములో నున్నది?" అను చిన్న ప్రశ్న. ఆ ప్రశ్నను మన పిల్లలు మొదటి యేటి భౌతికశాస్త్రమునందే నేర్చుచున్నారు!

కావున నలుగురు కలిసి చదువునప్పుడు ఒకరు సమస్యను చదివి తమ మాటలలో చెప్పవలెను, ఒకరు పటము గీయవలెను, ఒకరు లెక్క చేయవలెను, ఒకరు ప్రమాణములను, ప్రతి మెట్టును పరీక్షింపవలెను. వారమువారము ఈ పనులు మార్చుకొనవలెను. ఎల్లప్పుడు ఒకడే లెక్కచేసిన తక్కిన మువ్వురు ప్రేక్షకులగుదురు.

ఇచ్చట ఆయ్దక్కి లక్కమ్మ కథ స్మరణీయము. భర్త మారయ్య నిత్యము తెచ్చు బియ్యముకంటె ఒకనాడు ఎక్కువ తెచ్చెను. తమ యవసరమునకు మించినది తమది కాదని ఆమె దానిని తిరిగి యిచ్చి రమ్మనెను. తోటివాని ల్యాబు రికార్డును చూచి నకలు వ్రాయుటయు, ప్రాజెక్టులో చేయని పనికి పేరు పెట్టుకొనుటయు అట్టి పరుల బియ్యమే. తెలిసినవాడు తెలియనివానికి రికార్డు నిచ్చుట దాసోహము కాదు. పక్కన కూర్చుండి తెలియజెప్పుట దాసోహము. చెప్పినవానికి విషయము మరింత స్థిరపడుట అందలి ప్రసాదము.

పంచాచారములలోని భృత్యాచారము వినయమును నేర్పును: "నాకు తెలియలేదు" అని చెప్పగలుగుట. గణాచారము సంఘమును కాపాడుట నేర్పును: వెనుకబడినవానిని విడువకుండుట. ఈ రెండును లేని జట్టు పరీక్షవరకైనను నిలువదు.

పెద్దలకు, మఠములకు విన్నపము

తుమకూరు సిద్ధగంగా మఠము వేలాది పేద విద్యార్థులకు కులమత భేదము లేక అన్నము, వసతి, విద్య నిచ్చుచున్నది. 2019లో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారు ఆ సేవను దశాబ్దములు నడిపిరి. ఆ మఠపు ఆశ్రయమున 1963లో ఇంజనీరింగు కళాశాలయు వెలసెను. అంతటి కార్యము అందరికి సాధ్యము కాదు. కాని సాయంకాలము ఒక గది, నాలుగు దీపములు, ఒక నల్లబల్ల, వారమునకొకమారు వచ్చు పై తరగతి విద్యార్థి యొకడు: ఇంతమాత్రము ఏ చిన్న మఠమైనను సమకూర్పగలదు.

తలిదండ్రులకు ఒక్క మాట. ఫలితము తప్పినప్పుడు "ఎన్ని మార్కులు?" అని కాక, "ఎచ్చట చిక్కుపడితివి?" అని అడుగుడు.

ఆ బాలుడు చదువు మానలేదు. వసతి గృహములో మరి మువ్వురితో కూర్చుండి మూసిన పుస్తకముతో లెక్కలు చేయుట ప్రారంభించెను. డ్రాయింగు మరుసటి పరీక్షలోనే గట్టెక్కెను. గణితమునకు ఇంకొక యత్నము పట్టెను. వాడిప్పుడు సెలవులకు వచ్చినప్పుడు మా పాఠశాల పిల్లలచే పుస్తకములు మూయించి ప్రశ్నలడుగుచున్నాడు. నేను వెనుక బల్లపై కూర్చుండి వినుచున్నాను.

అభ్యాసము

1. నేడు చదివిన ఒక విషయమును పుస్తకము చూడక పది వాక్యములలో వ్రాయుడు.
2. ఈ వారము మీరు ఒకరికి తెలియజెప్పినది యేమి? ఒకరిని అడిగి తెలిసికొన్నది యేమి?
3. మీ రికార్డులో మీ కాయకము ఎంత, పరుల బియ్యము ఎంత? మీకు మీరే లెక్క చూచుకొనుడు.