నేర్పిస్తే ఎవరికి ఎంత?

కోచింగ్ అంటే మనకు గుర్తొచ్చేది కేఏఎస్ పరీక్షల కోచింగే. పెద్ద కంపెనీల్లో మాత్రం ఒక్కో అధికారికి ఒక గురువును పెట్టి మాట తీరు, నిర్ణయం తీసుకోవడం, కింది వాళ్లతో మెలగడం నేర్పిస్తారు. అదే ఎగ్జిక్యూటివ్ కోచింగ్. (మా ఇంట్లో నాన్న కన్నడంలో తరబేతి అంటాడు, అమ్మ తర్ఫీదు అంటుంది. రెండూ అక్కచెల్లెళ్ల మాదిరే వినిపిస్తాయి.) ఇది నిజంగా పనిచేస్తుందా? 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 18 అధ్యయనాలను కలిపి చూసి, పనితీరుకూ మనసుకూ మేలే అని తేల్చారు. అయితే ఇలాంటి అధ్యయనాల్లో చాలాసార్లు నేర్చుకున్నవాళ్లనే అడుగుతారు. కంపెనీ డబ్బు కట్టి నేర్పిస్తే "బాగాలేదు" అనేదెవరు?

అందుకే నాకు బెంగళూరు గార్మెంట్స్ పరిశోధన ఎక్కువ నచ్చింది. ఇది అధికారుల మీద కాదు, కుట్టుమిషన్ ముందు కూర్చునే ఆడవాళ్ల మీద. మన ఊరి చుట్టుపక్కల గార్మెంట్స్‌కి పోయేవాళ్లు తక్కువేం కాదు కదా!

2013లో షాహీ ఎక్స్‌పోర్ట్స్ వారి అయిదు ఫ్యాక్టరీల్లో 'పేస్' అనే శిక్షణ పెట్టారు. గ్యాప్ కంపెనీ తయారుచేసిన పాఠాలు, దాదాపు 80 గంటలు. కుట్టుపని కాదు: మాట్లాడడం, సమయం, డబ్బు లెక్క, ఆరోగ్యం, సమస్య వస్తే ఏం చేయాలి, ఇవీ. చేరతామన్నవాళ్లలో ఎవరికి నేర్పాలో లాటరీ వేశారు. లాటరీ తగలనివాళ్లతో పోల్చారు. ఎవరు ఎంత కుట్టారో ఫ్యాక్టరీ లెక్కల్లోనే ఉంటుంది, కాబట్టి మొహమాటానికి చోటు లేదు.

అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ నైషధం రాసిన ఈ వ్యాసం 2023లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వచ్చింది. శిక్షణ ముగిశాక వాళ్ల పని 13.5 శాతం పెరిగింది. జీతం? 0.5 శాతం. నెలకు 10,000 అనుకుంటే 50 రూపాయలు! కంపెనీకి మాత్రం ఖర్చు పోను రెండున్నర రెట్లు మిగిలింది.

అట్లని శిక్షణ దండగ అనను. ఇలాంటిదే వేరే చోట నేర్చుకున్న మా ఎదురింటి అక్కను అడిగితే, "జీతం ఏం పెరగలే పాపా, లీవు అడిగేకి బెదురు పోయింది" అనింది. ఆమెకు అది చిన్నదేం కాదు.

కానీ కోచింగ్ తీసుకున్న అధికారి ఆ పేరు చెప్పుకుని ఇంకో కంపెనీలో ఎక్కువ జీతం అడగగలడు. టైలర్‌కి మాట తీరు బాగుపడిందని పక్క ఫ్యాక్టరీకి ఎట్లా తెలుస్తుంది? తెలిసినా అక్కడా దాదాపు అదే రేటు. 13.5 పక్కన 0.5 ఎందుకు నిలబడిందో నాకు అర్థమైన కారణం ఇదే. మేడమ్‌లూ, ఎకనామిక్స్ స్నేహితులూ వేరే కారణం చెబితే కింద ఖాళీలో రాయండి, చోటు వదిలిపెట్టాను.