ఉద్యోగము పోయిన పిమ్మట దూరప్రయాణము: మోటారు సైకిలుపై ఒంటరిగా పోవువారికి ఆరోగ్య సూత్రములు

ఉద్యోగము మనుష్యునకు జీతము నొక్కదానినే యిచ్చునది కాదు. ఉదయము లేచు వేళను, భోజనము చేయు వేళను, నిద్రించు వేళను అదియే నిర్ణయించును. నలుగురిలో గౌరవమును, ఇంటిలో ధైర్యమును కల్పించును. అది హఠాత్తుగా పోయినప్పుడు జీతముతోపాటు ఈ కట్టుబాట్లన్నియు సడలిపోవును. రాత్రి నిద్ర పట్టదు. పగలు పొద్దు గడవదు. బంధువుల ప్రశ్నలకు జవాబు చెప్పుటకు మనస్సొప్పదు. ఇట్టి సమయమున కొందరికి మోటారు సైకిలెక్కి ఒంటరిగా దూరదేశము పోవలెనను కోరిక కలుగుచుండును.

ఈ కోరిక తప్పు కాదు. కొత్త ప్రదేశములు, స్వచ్ఛమైన గాలి, శరీర శ్రమ మనస్సునకు మేలు చేయును. కాని దుఃఖమునుండి పారిపోవుటకై తొందరపడి బయలుదేరినవాడు దుఃఖమును తన వెంట తీసికొనియే పోవును. ఉద్యోగము పోయినవానికి ధనము తగ్గినది గాని కాలము మిగిలినది. రహదారిపై ప్రాణము తీయునది తొందర. ప్రాణము కాపాడునది తీరిక. ఆ తీరికను చక్కగా వినియోగించుకొనుటయే ఈ ప్రయాణమునకు మొదటి సన్నాహము.

హైదరాబాదునందలి ఒక సంస్థలో పదునైదేండ్లు పనిచేసి ఉద్యోగము కోల్పోయిన నలుబది రెండేండ్ల గృహస్థుడొకడు లద్దాకులోని లేహ్ పట్టణము వరకు పోదలచినాడని భావింపవచ్చును. నాగపురము, ఝాన్సీ, ఢిల్లీ, జమ్ము, శ్రీనగరముల మీదుగా అది 2,700 కిలోమీటర్లకు పైబడిన దారి. అతడు ఏమేమి చేయవలెనో ఈ దిగువ వివరింపబడినది. ఈ సూత్రములు స్త్రీ పురుషులకు సమానముగా వర్తించును.

1. ముందు మనస్సును పరీక్షించుకొనవలెను

ఉద్యోగము పోయిన వారముననే బయలుదేరరాదు. కనీసము మూడు నాలుగు వారములు ఇంటివద్దనే యుండి, నిద్రను, భోజనమును తిరిగి క్రమమునకు తెచ్చుకొనవలెను. రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపట్టుచున్నదా, ఆకలి యగుచున్నదా, చిన్న మాటకే కోపము వచ్చుచున్నదా, మద్యపానము పెరిగినదా అని తనను తాను ప్రశ్నించుకొనవలెను.

రెండు వారములకు పైగా దినమంతయు దిగులుగా నుండుట, ఇష్టమైన పనులయందు ఆసక్తి నశించుట, తాను ఎందుకును పనికిరానను భావము విడువకుండుట మానసిక వ్యాధి లక్షణములు. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు; జ్వరమువలెనే చికిత్సకు లొంగునట్టిది. 'తిరిగి రాకపోయినను బాగుండును' అను తలంపు ఒక్కసారి కలిగినను ప్రయాణము నిలిపివేసి, ఆ మాటను నమ్మకమైనవారితోను వైద్యునితోను వెంటనే చెప్పవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్య ద్వారా రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగునందును మాటాడవచ్చును.

ఇంటివారును గమనింపవలెను. పోవువాడు తన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుచున్నను, అప్పగింతలవలె మాటాడుచున్నను, తిరిగివచ్చు దినమును చెప్ప నిరాకరించుచున్నను అతనిని ఒంటరిగా విడువరాదు. 'నీ మనస్సులో ఏమున్నది?' అని ప్రేమతో సూటిగా అడుగుటవలన కీడు కలుగదు. మనస్సులోని భారము తగ్గును.

2. శరీర పరీక్ష, మందులు, బీమా

రక్తపోటును, రక్తములోని చక్కెరను, కంటి చూపును పరీక్ష చేయించుకొనవలెను. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, మూర్ఛ గలవారు వైద్యుని అనుమతి లేనిదే బయలుదేరరాదు. ధనుర్వాతపు సూది వేయించుకొని పదేండ్లు దాటినచో మరల వేయించుకొనవలెను. నిత్యము వాడు మందులను ప్రయాణ దినములకు సరిపడునట్లుగాక, మరి పది దినములకు అధికముగా తీసికొని, వైద్యుని చీటితోపాటు తడవని సంచిలో భద్రపరచవలెను. ఖర్చు తగ్గించుకొనుటకు మందులు మానివేయుట ప్రమాదకరము. జన ఔషధి కేంద్రములలో అనేక మందులు చౌకగా లభించును.

ఉద్యోగముతోపాటు సంస్థవారు చేయించిన ఆరోగ్య బీమాయు సాధారణముగా ముగిసిపోవును. ఈ సంగతి పలువురకు ఆసుపత్రి చేరినపిమ్మట గాని తెలియదు. ఆ బీమాను సొంత పాలసీగా మార్చుకొనుటకు వీలుకలదేమో ఉద్యోగము విడుచునపుడే విచారింపవలెను. ఉద్యోగుల రాజ్య బీమా పథకములో చేరియున్నవారు వైద్య సదుపాయము ఎంతకాలము కొనసాగునో స్థానిక కార్యాలయమున తెలిసికొనవలెను. వాహన బీమా గడువును, వాహనము నడుపు యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా అందు కలదో లేదో చూచుకొనవలెను.

3. నిద్రలేమి మద్యము వంటిది

పదునేడు గంటలపాటు నిద్రలేక మేలుకొనియున్నవాని చేతుల చురుకుదనము, నూరు మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యము గలవాని స్థితికి తగ్గిపోవునని 1997లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో తేలినది. భారతదేశమున వాహనము నడుపువానికి చట్టము విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి రాత్రి తొమ్మిది గంటలకు ఇంకను బండి నడుపుచున్నవాడు చుక్క త్రాగకున్నను త్రాగినవానితో సమానుడు. ఉద్యోగచింతతో ముందే నిద్ర చెడియున్నవానికి ఈ ప్రమాదము మరింత అధికము.

కావున దినమునకు 300 కిలోమీటర్లకు మించకుండుట మంచిది. హైదరాబాదునుండి మొదటి దినము సుమారు 300 కిలోమీటర్ల దూరముననున్న ఆదిలాబాదులో ఆగి, నాగపురమును రెండవ దినమునకు విడువవలెను. గంటన్నర కొకసారి దిగి పదునైదు నిమిషములు నడువవలెను. నాలుగు దినములు ప్రయాణించి ఐదవ దినము విశ్రమింపవలెను. చీకటిపడక పూర్వమే బస చేరవలెను. దేశమున రహదారి ప్రమాదములు అధికముగా జరుగువేళ సాయంకాలము ఆరు మొదలు తొమ్మిది గంటల వరకు.

మాటిమాటికి ఆవులింతలు వచ్చుట, దాటివచ్చిన ఊరు జ్ఞాపకము లేకుండుట, బండి ప్రక్కకు ఒరుగుట నిద్ర ముంచుకొని వచ్చుటకు గుర్తులు. ముఖము కడుగుకొని, పాట పాడుకొని ముందుకు సాగుట వలన ప్రయోజనము లేదు. బండిని రహదారినుండి దూరముగా నిలిపి ఇరువది నిమిషములు కన్నుమూయవలెను.

4. శిరస్త్రాణము

2022వ సంవత్సరమున భారతదేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములవారు. శిరస్త్రాణము ధరింపక మరణించినవారు 50,029 మంది. అది సరిగా ధరించినచో ప్రమాదమున మరణభయము నూటికి సుమారు 42 వంతులును, తలకు గాయమగు అవకాశము సుమారు 69 వంతులును తగ్గునని అనేక పరిశోధనలను క్రోడీకరించినవారు కనుగొనిరి.

శిరస్త్రాణముపై ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెను. ముఖమంతయు కప్పునట్టిది మేలు. గడ్డము క్రింది పట్టీ బిగింపనిచో అది తలపైనున్నను లేనట్లే. గట్టి దెబ్బ తగిలినదానిని, పైకి పగులు కనబడకున్నను, మరల వాడరాదు. మందపు చొక్కా, చేతి తొడుగులు, చీలమండను కప్పు బూట్లు ఎండయందైనను విడువరాదు.

5. ఎండ, నీరు, ఆహారము

గాలి తగులుచుండుటచే బండిపై పోవువానికి చెమట తెలియదు. దప్పిక కలుగునప్పటికే శరీరములో నీరు తగ్గియుండును. ఆగిన ప్రతిచోట నీరు త్రాగవలెను. మూత్రము ముదురు పసుపుపచ్చగా మారుట నీరు చాలలేదనుటకు గుర్తు. విరేచనములైనచో ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి త్రాగవలెను. పొట్లము దొరకనిచో లీటరు నీటిలో సమముగా కొలిచిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకొనవచ్చును. ఎండలో తలతిరిగి, మాట తడబడి, శరీరము కాలిపోవుచున్నచో అది వడదెబ్బ. అట్టివానిని నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి విసరుచు, వెంటనే ఆసుపత్రికి తరలింపవలెను.

పగటి భోజనము తేలికగా నుండవలెను. మధ్యాహ్నము నిండుగా భుజించి బండి ఎక్కినవానికి కునుకు రాక తప్పదు.

6. ఎత్తైన ప్రదేశములు

లేహ్ సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. 2,500 మీటర్లు దాటిన పిమ్మట ప్రాణవాయువు చాలక తలనొప్పి, వికారము, నిద్రలేమి కలుగవచ్చును. బలిష్ఠుడైన యువకునికిని ఈ వ్యాధి రావచ్చును. దేహదారుఢ్యము దీనినుండి రక్షింపదు.

మనాలి మార్గమున పోవువారు తగిన అలవాటు లేకయే 4,000 మీటర్లకు పైన సర్చూ వంటి చోట్ల రాత్రి గడపవలసివచ్చును. శ్రీనగరము మార్గమైనచో సుమారు 1,600 మీటర్లనుండి బయలుదేరి, 2,700 మీటర్ల ప్రాంతముననున్న కార్గిల్‌లో రాత్రి నిద్రించి, పిమ్మట లేహ్ చేరవచ్చును. పోవునపుడు శ్రీనగరము మార్గమే క్షేమము. లేహ్ చేరిన పిమ్మట రెండు దినములు పూర్ణ విశ్రాంతి తీసికొనవలెను. మద్యమును, నిద్రమాత్రలను ముట్టరాదు. ముందుజాగ్రత్త మాత్రలను వైద్యుడు వ్రాసియిచ్చినగాని వాడరాదు.

కూర్చుండియున్నను ఆయాసము, విడువని దగ్గు, నడకలో తూలుట, మతిభ్రమ కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు. ఇతరుల వాహనమున వెంటనే క్రిందికి దిగిపోవలెను. దిగిపోవుటయే ఈ వ్యాధికి ముఖ్యమైన చికిత్స. మరునాటి ప్రయాణము చెడునని బాధను దాచుకొన్నవారే ప్రాణము పోగొట్టుకొనుచున్నారు.

7. ఇంటితో సంబంధము

ఒంటరి ప్రయాణమనగా ఎవరికిని చెప్పకుండ పోవుట కాదు. దారిని, బసలను, తిరిగివచ్చు దినమును కాగితముపై వ్రాసి ఇంటిలో ఒకరికి ఇవ్వవలెను. ప్రతిదినము సాయంకాలము ఒకే వేళకు వార్త పంపవలెను. 'అక్కా, ఆదిలాబాదు చేరాను, భోజనమైంది, రేపు నాగపురం పోతాను' అను నాలుగు మాటలు చాలును. ఫోను అందని కొండదారులను గూర్చి ముందే చెప్పియుంచినచో ఇంటివారు కలతచెందరు. చెప్పిన వేళ దాటి ఎన్ని గంటలకు వార్త రాకున్న వెదకనారంభింపవలెనో కూడ ముందే నిర్ణయించుకొనవలెను.

రక్తవర్గము, జబ్బులు, పడని మందులు, ఇంటి ఫోను సంఖ్య వ్రాసిన చీటి చొక్కా జేబులో నుండవలెను. ఆపదయందు దేశమంతట 112కును, జాతీయ రహదారిపై 1033కును ఫోను చేయవచ్చును. 2025 మే నెలలో వెలువడిన కేంద్ర ప్రభుత్వ పథకము ప్రకారము, రహదారి ప్రమాదమున గాయపడినవారికి నిర్దిష్టమైన ఆసుపత్రులలో ఏడు దినములవరకు లక్షా యాబది వేల రూపాయలకు మించకుండ నగదు చెల్లింపు లేని చికిత్స లభించును.

మరి యొక జాగ్రత్త. చేతనున్న డబ్బునంతయు దారిలో వ్యయము చేయరాదు. ఇంటి అద్దె, పిల్లల రుసుము, తిరిగివచ్చిన పిమ్మట మూడు నెలల గ్రాసము ముందుగా వేరుపరచి, మిగిలినదానితోనే ప్రయాణము సాగింపవలెను. ఇల్లు నిశ్చింతగా నున్నదని తెలిసినవానికే దారిలో నిద్ర పట్టును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

నిద్ర కుదుటపడిన పిమ్మటనే బయలుదేరవలెను. దినమునకు 300 కిలోమీటర్లు మించరాదు. చీకటిలో బండి నడుపరాదు. శిరస్త్రాణపు పట్టీ బిగింపకుండ తాళము త్రిప్పరాదు. కొండపై బాధ కలిగిన వెంటనే దిగవలెను. ప్రతి సాయంకాలము ఇంటికి వార్త పంపవలెను.

లేహ్ చేరకయే దారి మధ్యనుండి తిరిగివచ్చుట ఓటమి కాదు. ఉద్యోగము మరల దొరకును. కొండలు అచ్చటనే యుండును. ఆరోగ్యముతో ఇల్లు చేరినవాడే ప్రయాణమును పూర్తిచేసినవాడు.