వీడియో కన్వర్ట్ చేశాక సౌండ్ ఒకచోట, బొమ్మ ఒకచోట ఎందుకు వస్తాయి?

భజనలు, హరికథలు, ప్రవచనాలు రికార్డు చేసి మన ఛానల్‌కి పంపేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "ఫోన్‌లో చూస్తే బాగానే ఉంది, కన్వర్ట్ చేశాక తాళం వేసే చేయి ఒకసారి, చప్పుడు ఇంకోసారి వస్తోంది, ఏం చేయాలి?" నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి ఛానల్‌లో ఈ పని నా మీదే పడింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. కన్వర్ట్ చేసిన వీడియోని చివరిదాకా చూసుకునేవరకు అసలు ఫైలుని, అంటే ఫోన్‌లోనో కెమెరా కార్డులోనో ఉన్నదాన్ని, డిలీట్ చేయకండి. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఇంకోటి, తప్పు నిజంగా ఫైలుదేనా అని చూసుకోండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ సహజంగానే కాస్త ఆలస్యంగా వస్తుంది. వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్‌తో చూసి, అప్పుడు కూడా తేడా ఉంటేనే ముందుకెళ్లండి.

ఇప్పుడు అసలు పరీక్ష. వీడియోలో మొదటి రెండు నిమిషాల్లో ఒక తాళం దెబ్బ చూడండి. తర్వాత మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి. తాళం లేకపోతే మృదంగం మీద పడే చేయి, అదీ లేకపోతే ప, బ, మ పలికేటప్పుడు మూసుకునే పెదవులు. మూడు చోట్లా తేడా ఒకేలా ఉందా, పెరుగుతోందా? చాలామంది ఈ పరీక్ష చేయకుండా ఇంకో కన్వర్టర్ దించుకుని మళ్లీ కన్వర్ట్ చేస్తారు. దాంతో క్వాలిటీ ఇంకాస్త పోతుంది, సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

మూడు చోట్లా తేడా ఒకటే అయితే అదృష్టవంతులు. సౌండ్ మొత్తాన్ని ముందుకో వెనక్కో జరిపితే చాలు. వీడియోని మధ్యలో కత్తిరించినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. బొమ్మని ఎక్కడ పడితే అక్కడ తెంపడం కుదరదు, కీఫ్రేమ్ దగ్గరే మొదలవ్వాలి. సౌండ్‌కి ఆ ఇబ్బంది లేదు. ఆ సర్దుబాటు సరిగ్గా జరగకపోతే రెండూ వేర్వేరు చోట్ల మొదలవుతాయి. ఎంత జరపాలో తెలియాలంటే విఎల్‌సి ప్లేయర్‌లో వీడియో పెట్టి జె, కె అక్షరాలు నొక్కండి. ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. కె నొక్కితే సౌండ్ ఆలస్యమవుతుంది, జె నొక్కితే ముందుకొస్తుంది. సరిపోయిన చోట స్క్రీన్ మీద కనిపించే సంఖ్య రాసుకోండి. విఎల్‌సి చేసేది చూపించడం వరకే అండి, ఫైలు మారదు. ఆ సంఖ్యని అవిడెమక్స్‌లో ఆడియో కింద ఉండే షిఫ్ట్ గడిలో వేసి, ఆడియో, వీడియో రెండూ కాపీ అని పెట్టి సేవ్ చేయండి. మళ్లీ కన్వర్ట్ అవ్వదు కాబట్టి క్వాలిటీ తగ్గదు, గంట వీడియో అయినా త్వరగానే అయిపోతుంది.

మొదట్లో సరిగ్గా ఉండి, తేడా మెల్లగా, సమానంగా పెరుగుతూ పోతే అది వేరే జబ్బు. దీనికి షిఫ్ట్ పనికిరాదు. చివర సరిచేస్తే మొదట్లో పోతుంది. ఇక్కడ లెక్క చూడాలి. 29.97 ఫ్రేములతో తీసిన బొమ్మని 30 అనుకుని నడిపితే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. మన దేశంలో పాత వీడియో సీడీలు 25 ఫ్రేములవి. వాటిని 24 అనుకుని నడిపితే గంట బొమ్మ 62 నిమిషాల 30 సెకన్లకు సాగుతుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే ఆడియో నిడివి, వీడియో నిడివి విడివిడిగా కనిపిస్తాయి. రెండింటికీ తేడా ఉంటే దొంగ దొరికినట్టే. ఆడాసిటీలో చేంజ్ టెంపో అనే ఎఫెక్ట్‌లో పాత నిడివి, కావలసిన నిడివి ఇస్తే శృతి మారకుండా సౌండ్ సాగుతుంది లేదా తగ్గుతుంది.

అయితే సౌండ్ శృతి కూడా మారిందనిపిస్తే చేంజ్ టెంపో వాడకండి. సీడీల సౌండ్ సెకనుకు 44,100 శాంపిళ్లు, వీడియోల్లో మామూలుగా 48,000. మొదటిదాన్ని రెండోది అనుకుని నడిపితే పాట దాదాపు 9 శాతం వేగంగా పోతుంది. శృతి కూడా హార్మోనియం మీద తెల్ల, నల్ల మెట్లు అన్నీ కలిపి లెక్కిస్తే మెట్టున్నర దాకా పైకి పోతుంది. దీనికి వేగం, శృతి రెండూ కలిసి మారే చేంజ్ స్పీడ్ వాడాలి.

ఇక మూడోది. ఫోన్ రికార్డింగులతో నన్ను ఎక్కువగా ఏడిపించేది ఇదే. తేడా కాసేపు ఉండదు, ఒక్కసారి దూకుతుంది, మళ్లీ కొంతసేపు అంతే ఉంటుంది. చాలా ఫోన్లు సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు ఫ్రేములు తగ్గించి, ఒక్కో ఫ్రేముకి ఎక్కువ వెలుగు పట్టేలా చేస్తాయి. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఇందులో తప్పేమీ లేదు, ఎందుకంటే ప్రతి ఫ్రేము ఎప్పుడు చూపించాలో ఆ సమయం ఫైలులోనే రాసి ఉంటుంది. కొన్ని కన్వర్టర్లు ఆ సమయాల్ని పక్కన పడేసి, "అన్నీ సెకనుకు 30" అని లెక్కవేసుకుంటాయి. హారతి ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలు లైట్లు ఆపారనుకోండి. ఆ సమయంలో ఫోన్ సెకనుకు 24 ఫ్రేములే తీస్తే మొత్తం 2,880 వస్తాయి. వాటిని 30 చొప్పున నడిపితే 96 సెకన్లలో అయిపోతాయి. ఇంకా గంట మోగుతూనే ఉంటుంది, బొమ్మలో మాత్రం పళ్లెం కింద పెట్టేశారు! అక్కడినుంచి చివరిదాకా 24 సెకన్ల తేడా.

అసలు ఫైలు ఉంటే దీనికి మందు చాలా తేలిక. హ్యాండ్‌బ్రేక్‌లో అసలు ఫైలు తెరిచి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30, దాని కింద కాన్‌స్టంట్ అని పెట్టి కన్వర్ట్ చేయండి. అది రాసి ఉన్న సమయాలు చూసి, తక్కువైన చోట పాత ఫ్రేమునే మళ్లీ వేసి లెక్క సరిచేస్తుంది. తర్వాత ఏ ఎడిటర్‌లో పెట్టినా కుదురుగా ఉంటుంది.

అసలు ఫైలు లేకపోతేనే కష్టం. ఒకాయన వాళ్ల తాతగారు చెప్పిన చివరి హరికథ పంపారు. తాతగారు ఇప్పుడు లేరు. ఫోన్‌లో తీసినదాన్ని ఎక్కడో కన్వర్ట్ చేయించి, జాగా లేదని ఫోన్‌లోది తీసేశారట. ఫ్రేముల సమయాలు అప్పటికే పోయాయి కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌కీ వాటిని తిరిగి తెచ్చే దారి లేదు. చిడతల చప్పుడు పట్టుకుని ముక్కలు ముక్కలుగా కోశాను. చీకటి ముక్కల వేగం 80 శాతానికి తగ్గించి ఒక్కోటి కూర్చాను. రెండు ఆదివారాలు పట్టింది. పాటలు బాగా కుదిరాయి. కానీ మధ్యలో ఆయన నవ్వుతూ పిట్టకథ చెప్పే చోట చిడతలు లేవు, పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అక్కడ పెదవులు ఇప్పటికీ మాటకి సరిపోవు.

చిన్న తేడాలకు మరీ కంగారు పడకండి. ప్రసార రంగానికి అంతర్జాతీయ టెలికాం సంఘం 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం, సౌండ్ 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం గుర్తుపడతారు, వెనక పడితే 125 దాకా గుర్తుపట్టరు. నాకైతే ఇది సహజంగానే అనిపిస్తుంది. మండపంలో 34 మీటర్ల దూరాన కూర్చున్నవాళ్లకి, మైకు లేకపోతే, చప్పుడు 100 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది. చప్పుడు ముందొచ్చి చేయి తర్వాత కదలడం మాత్రం ఎవరూ ఎక్కడా చూసి ఉండరు. కాబట్టి సరిగ్గా తేల్చుకోలేకపోతే సౌండ్‌ని ఒక పిసరు వెనక్కే ఉంచండి.

ఈసారి రికార్డు చేసేటప్పుడు, కార్యక్రమం మొదలవ్వకముందు కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. అయిపోయాక, రికార్డింగ్ ఆపకముందు ఇంకోసారి. విఎల్‌సిలో ఇ అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేము చొప్పున కదులుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. రెండు చప్పట్ల దగ్గరా తేడా ఎంతో రాసి ఫైలుతో పాటు పంపితే, జబ్బు ఏదో నేను వీడియో మొత్తం చూడకుండానే చెప్పగలను.