పాఠం 12: చలి నీటిలో ఎలిగేటర్

12.1 ఉపోద్ఘాతం

2023 ఫిబ్రవరి 19న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ ప్రాంతంలోని ప్రాస్పెక్ట్ పార్క్ చెరువులో నాలుగు అడుగుల పొడవున్న ఎలిగేటర్ ఒకటి కనిపించింది. ఎలిగేటర్ మొసళ్ల వర్గానికి చెందిన జంతువు. అది వెచ్చని నీటిలో బతుకుతుంది. ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో గడ్డకట్టే చలి ఉంటుంది. ఇలాంటి వార్త వినగానే "ఎలిగేటర్లు చలి ప్రాంతాలకూ వచ్చేశాయి" అని చాలామంది అనుకొంటారు. ఆ మాటను ఎలా పరీక్షించాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఎలిగేటర్ సహజంగా నివసించే ప్రాంతాలను పేర్కొంటారు.
• చలి దాని శరీరంపై చూపే ప్రభావాన్ని వివరిస్తారు.
• ఒక జంతువు ఒక చోట కనిపించడానికీ, అక్కడ నిలదొక్కుకోవడానికీ తేడా చెప్పగలుగుతారు.

12.2 ఎలిగేటర్ ఎక్కడ ఉంటుంది?

ప్రపంచంలో ఎలిగేటర్లు రెండే జాతులు. ఒకటి అమెరికాలోనూ మరొకటి చైనాలోనూ ఉన్నాయి. మన దేశపు నదుల్లో మూడు రకాల మొసళ్లు ఉన్నా, వాటిలో ఎలిగేటర్ లేదు. అమెరికా ఎలిగేటర్ ఫ్లోరిడా, లూసియానా, జార్జియా, టెక్సాస్ మొదలైన రాష్ట్రాల చిత్తడి నేలల్లో, చెరువుల్లో, నదుల్లో ఉంటుంది. తూర్పు తీరంలో నార్త్ కరోలినా రాష్ట్రం దాని ఉత్తరపు హద్దు. న్యూయార్క్ అక్కడికి ఇంకా ఎంతో ఉత్తరాన ఉంది.

12.3 చలికి ఏమవుతుంది?

ఎలిగేటర్ శీతరక్త జంతువు. అంటే దాని రక్తం ఎప్పుడూ చల్లగా ఉంటుందని అర్థం కాదు. మన శరీరం తనకు కావలసిన వేడిని తానే పుట్టించుకొంటుంది. ఎలిగేటర్ ఒంటి వేడి మాత్రం చుట్టూ ఉన్న నీటిని, గాలిని, ఎండను బట్టి మారుతుంది. వేడి సుమారు 21 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే అది తిండి మానేస్తుంది. ఒళ్లు చల్లబడినప్పుడు కడుపులోని ఆహారం సరిగా అరగదు కదా! సుమారు 13 డిగ్రీల కన్నా తగ్గితే దాదాపు కదలకుండా పడి ఉంటుంది.

అయితే చలి తగిలిన వెంటనే అది చనిపోదు. 2018 జనవరిలో నార్త్ కరోలినాలో ఒక చిత్తడి నేలలోని నీరు పైన గడ్డకట్టింది. అక్కడి ఎలిగేటర్లు ముక్కు కొనను మాత్రం మంచుగడ్డ పైకి పెట్టి, మిగతా ఒళ్లు నీటిలో ఉంచి, ఊపిరి తీసుకొంటూ గడిపాయి. మంచు కరిగాక మళ్లీ కదిలాయి. అక్కడ అంతటి చలి కొద్ది రోజులే ఉంటుంది. వెచ్చని నెలల్లో తిన్న తిండి వల్ల చేరిన కొవ్వు అంతవరకు ఆదుకొంటుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు 12.1

ఖాళీలు పూరించండి.
1. ఎలిగేటర్ ఒంటి వేడి ________ బట్టి మారుతుంది.
2. తూర్పు తీరంలో ఎలిగేటర్ల ఉత్తరపు హద్దు ________ రాష్ట్రం.

12.4 కనిపించడం వేరు, నిలదొక్కుకోవడం వేరు

కొత్త చోట ఒక జంతువు కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఎలా వచ్చింది? బ్రూక్లిన్ ఎలిగేటర్‌ను ఎవరో ఇంట్లో పెంచి, చెరువులో వదిలేసి ఉంటారని అధికారులు భావించారు. ఆ నగరంలో ఎలిగేటర్‌ను పెంచడం చట్టవిరుద్ధం. 2019 జూలైలో షికాగో నగరంలోని హంబోల్ట్ పార్క్ మడుగులో కనిపించినదీ ఇలాంటిదే కావచ్చని అనుకొన్నారు. దాన్ని పట్టి ఫ్లోరిడాకు పంపారు. పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటగా ఉండే జంతువు పెరిగేకొద్దీ ఇంటివారికి భారమవుతుంది.

రెండవది: ఏడాది పొడుగునా బతకగలదా? బ్రూక్లిన్ ఎలిగేటర్ దొరికినప్పుడు సుమారు 7 కిలోలే తూగింది. ఆ పొడవుకు 14 నుంచి 16 కిలోలు ఉండాలి. దాని కడుపులో స్నానపు తొట్టెకు బిగించే బిరడా కూడా ఉంది. జంతుప్రదర్శనశాలలో వైద్యం చేసినా, అదే ఏడాది ఏప్రిల్‌లో అది చనిపోయింది. చలితో పాటు చాలాకాలంగా తిండి లేకపోవడం, రక్తహీనత, అంటురోగాలు దాన్ని కుంగదీశాయి.

మూడవది: పిల్లల్ని పెట్టగలదా? ఎలిగేటర్ ఆకులు, గడ్డి కుప్పచేసి గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. అవి పొదగడానికి సుమారు 65 రోజుల వెచ్చదనం కావాలి. గూటి వేడి 30 డిగ్రీలు, అంతకు తక్కువ ఉంటే ఎక్కువగా ఆడపిల్లలు, 33 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగపిల్లలు పుడతాయి.

ఈ మూడింటికీ అనుకూలమైన జవాబు వస్తేనే ఆ జంతువు అక్కడ నిలదొక్కుకొందని చెప్పగలం. భూమి వేడెక్కుతున్న కొద్దీ జంతువుల హద్దులు మెల్లగా జరగవచ్చు. కాని అందుకు రుజువు ఏటేటా కనిపించే గూళ్లు, పిల్లలు. ఎవరో వదిలేసిన ఒక్క జంతువు రుజువు కాదు.

12.5 మీరు నేర్చుకొన్నది

• ఎలిగేటర్ కొద్ది రోజుల గడ్డు చలిని తట్టుకోగలదు. తిండి తినడానికి, గుడ్లు పొదగడానికి మాత్రం దీర్ఘకాలం వెచ్చదనం కావాలి.
• చలి నగరాల చెరువుల్లో కనిపించే ఎలిగేటర్లు సాధారణంగా మనుషులు వదిలినవే. పెంచలేని జంతువును నీటిలో వదలడం దానికి విముక్తి కాదు. అటవీశాఖకు గాని, జంతుప్రదర్శనశాలకు గాని తెలియజేయాలి.

12.6 పాఠాంత ప్రశ్నలు

1. శీతరక్త జంతువు అంటే ఏమిటి? ఉదాహరణతో వివరించండి.
2. గుజరాత్‌లోని వడోదరలో 2019, 2024 వరదల్లో మొసళ్లు వీధుల్లోకి వచ్చాయి. బ్రూక్లిన్ సంఘటనకూ దీనికీ తేడా ఏమిటి?

జవాబులు

పాఠ్యాంశ ప్రశ్నలు 12.1: 1. చుట్టూ ఉన్న నీటిని, గాలిని, ఎండను 2. నార్త్ కరోలినా

పాఠాంత ప్రశ్నలు: 1. 12.3 చూడండి. 2. వడోదర మొసళ్లు అక్కడి విశ్వామిత్రి నదిలో సహజంగా నివసించేవే. నది పొంగి, నీరే వాటిని వీధుల్లోకి తెచ్చింది. బ్రూక్లిన్ ఎలిగేటర్ తన స్వస్థలానికి దూరంగా మనుషుల వల్ల చేరింది.