ప్రత్యర్థి కన్నీరు

క్రీడలలో గెలుపోటములు సహజమని అందరూ అంటారు. అయినా ఓటములన్నీ ఒకే తీరున బాధించవు. ఆట మొదటి నుండి వెనుకబడి ఓడిన జట్టు అభిమానికి మనసును సమాధానపరచుకొనే వ్యవధి దొరుకుతుంది. నోటికాడి ముద్ద నేలపాలైనట్లు, చివరి నిమిషంలో గెలుపు చేజారినవాని దుఃఖం వేరు. ఆ దుఃఖాన్ని చూసి, గెలిచిన పక్షంవారు సైతం 'అయ్యో' అనుకోవడం కద్దు. ఎదుటివారి ఓటమే తమ గెలుపు కదా! అట్టి ఓటమిని చూసి జాలిపడడం ఎట్లు సంభవం? దీనికి మన నగరపు ఫుట్‌బాల్ చరిత్రలోనే తగిన ఉదాహరణ ఉంది.

ఫుట్‌బాల్ హైదరాబాదుకు కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. కాలక్రమంలో ఆ వైభవం సన్నగిల్లింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడి ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశించినప్పుడు పాతబస్తీ మొదలు బంజారాహిల్స్ వరకు ఫుట్‌బాల్ ప్రియులలో మళ్ళీ ఆశ చిగురించింది. కాని కరోనా కారణంగా 2020-21, 2021-22 సీజన్ల పోటీలు గోవాలోనే జరిగాయి. అభిమానులు తమ జట్టును టెలివిజన్ తెరమీదనే చూడవలసి వచ్చింది.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలోని ఫతోర్డా మైదానంలో ఫైనల్. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. ఆ జట్టు అంతకుముందు రెండు ఫైనళ్ళు ఆడి రెండూ ఓడింది. 2014లో కోల్‌కతా జట్టు ఆట ముగిసే వేళ చేసిన ఏకైక గోల్‌తో నెగ్గింది. 2016లో అదే కోల్‌కతా జట్టు, కేరళ సొంతగడ్డయైన కొచ్చిలో, పెనాల్టీ షూటౌట్‌లో కప్పు ఎగరేసుకుపోయింది. మూడవసారి ఎట్లయినా గెలవాలన్న కాంక్షతో వేలాది కేరళీయులు గోవా చేరారు. వారిది పసుపు రంగు. హైదరాబాదుదీ అదే కావడం వల్ల కేరళ ఆటగాళ్ళు ఆనాడు నలుపు ధరించి ఆడారు. ఈ పోటీకై ఇంటినుండి బయలుదేరిన ఇద్దరు కేరళ యువకులు దారిలోనే రోడ్డు ప్రమాదంలో మరణించారు. అట్టి విషాదంతోనే ఆ సాయంకాలం ఆట ఆరంభమైంది.

68వ నిమిషంలో రాహుల్ గోల్ చేసి కేరళను ముందు నిలిపాడు. ఇరవై నిమిషాలు ఆ ఆధిక్యం నిలిచింది. 88వ నిమిషంలో హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా గోల్ చేసి స్కోరును సమం చేశాడు. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి కేరళవారి మూడు పెనాల్టీలను ఆపాడు. 3-1 తేడాతో కప్పు హైదరాబాదుకు దక్కింది.

మరునాడు మా తరగతిలో ఈ విజయం గురించి ముచ్చటించుకొంటున్న విద్యార్థులలో ఒకడు, సంబరం నడుమనే, "పాపం కేరళ, రెండు నిమిషాలు ఆగి ఉంటే కప్పు వారిదే" అన్నాడు. పక్కనున్నవాడు కాదనలేదు. ఈ 'రెండు నిమిషాలు' అన్న మాటలోనే కీలకమున్నది.

నాటకంలో కథాకార్యానికి ప్రాచీనులు ఐదు అవస్థలు చెప్పారు: ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. ఫలం దక్కుతుందేమోనన్న ఆశ ప్రాప్త్యాశ. దక్కడం ఖాయమన్న నిశ్చయం నియతాప్తి. ఫలాగమం దాని తరువాతి మెట్టు. 88వ నిమిషానికి కేరళ అభిమాని నియతాప్తిలో ఉన్నాడు. మనసులో కప్పు అప్పటికే అతనిది. దానిని పోగొట్టుకోవడం ఓడిపోవడం వంటిది కాదు, ఉన్నది లాగివేయబడడం వంటిది. నాటకకర్త నాయకుని ఆ మెట్టు మీదినుండి పడద్రోయడు. ఆటకు కర్త లేడు కనుక ఆ దయ కూడా లేదు.

రసానుభవ సమయంలో ఈ దుఃఖం నాది, ఇది శత్రువుది, ఇది తటస్థునిది అనే భేదాలు సహృదయుని మనసులో తొలగిపోతాయని ఆలంకారికులు వివరించారు. భట్టనాయకుడు దీనినే సాధారణీకరణమన్నాడు. ఆటకు ఇది పూర్తిగా అన్వయించదనే నా అభిప్రాయం. అభిమాని తన పక్షాన్ని విడువడు. మళ్ళీ ఆడితే మళ్ళీ తన జట్టే గెలవాలంటాడు. అతనిని కరిగించేది స్మృతి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ తన చివరి లీగ్ మ్యాచ్‌లో గోవాతో గోల్ లేకుండా సమంగా ముగించి సెమీఫైనల్‌కు దూరమైంది. ఆ రాత్రి నిద్రపట్టనివానికి కేరళవాని ముఖం పరిచితమైనదే. తటస్థుని జాలి సులభం, దానికి అతడు చెల్లించే మూల్యం లేదు. ప్రత్యర్థి జాలి, తన ఆనందంలో కొంత వదులుకొంటేనే పుడుతుంది.

ఈ భావానికి మన సాహిత్యంలో శిఖరప్రాయమైన ఘట్టం మహాభారతంలోని స్త్రీపర్వం. యుద్ధానంతరం గాంధారి రణభూమిలో నిలిచి విలపిస్తుంది. ఆమె తన నూర్గురు కుమారులకై మాత్రమే విలపించలేదు. అభిమన్యుని కళేబరాన్ని, దానిపై వ్రాలి ఏడ్చే ఉత్తరను చూసి కూడా ఆమె హృదయం ద్రవించింది. అభిమన్యుడు పాండవపక్షంవాడు, ఆమె కుమారుల పక్షంవారు చుట్టుముట్టి చంపినవాడు. అయితే ఆ గాంధారియే అదే పర్వంలో శ్రీకృష్ణుని శపించింది. శత్రువుపై జాలి, కోపం ఒకే హృదయంలో ఇమిడి ఉండగలవు. విద్యార్థులు దీనిని గమనించాలి.

క్రీడాచరిత్రలోనూ ఇట్టి ఉదారత కానవస్తుంది. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో రహీం శిక్షణలోని భారత ఫుట్‌బాల్ జట్టు ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. రాజకీయ కారణాలవల్ల నాటి ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా కేకలు వేశారు. ఆ కేకల నడుమ పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు మన జట్టును ప్రోత్సహించారని నాటి భారత క్రీడాకారులు చెప్పుకొన్నారు. ఆ క్రీడలలోనే హాకీ ఫైనల్‌లో మనలను ఓడించినవారు వారే!

ఇక హైదరాబాద్ మాట. 2023 మార్చి 13న కోల్‌కతాలో జరిగిన సెమీఫైనల్‌లో ఏ.టి.కె. మోహన్ బగాన్ చేతిలో, అదే పెనాల్టీ షూటౌట్‌లో, మన జట్టు ఓడింది. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. ఒకనాడు 'పాపం కేరళ' అన్నవారికి తమదని చెప్పుకొన్న జట్టే లేకుండాపోయింది.

కఠినపదాలు: కద్దు – కలదు, నియతాప్తి – ఫలం తప్పక లభిస్తుందన్న నిశ్చయం, తటస్థుడు – ఏ పక్షమూ వహించనివాడు, కళేబరం – మృతశరీరం.

ప్రశ్నలు
1. చివరి నిమిషపు ఓటమిని రచయిత నియతాప్తితో ఎట్లు అన్వయించారు?
2. తటస్థుని జాలికి, ప్రత్యర్థి జాలికి గల భేదమేమి? రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?
3. గాంధారి విలాపాన్ని, ఆమె శాపాన్ని కలిపి చూసినప్పుడు ఆమె స్వభావం మీకెట్లు తోచును?