ధనంబోడు: గుట్ట ఊళ్లో, బొమ్మ చెన్నైలో

నందిగామ



జగ్గయ్యపేట దగ్గరి ధనంబోడు మీద రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. బోడు అంటే గుట్ట. నందిగామ నుంచి హైదరాబాదు దారిలో సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే ఆ ఊరు వస్తుంది. ఊరికి మూడు పేర్లు. శాసనంలో ఉన్నది వెలగిరి. తరవాతిది బేతవోలు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాక జగ్గయ్యపేట అయింది.

1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ ఈ దిబ్బను తవ్వించాడు. బయటపడ్డ పెద్ద స్తూపం వ్యాసం సుమారు 31 అడుగులు. లోపల మట్టీ ఇటుకా, బయట లేత ఆకుపచ్చ సున్నపురాతి పలకలు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగులను ఆయకాలంటారు. ఒక్కో ఆయకం మీద అయిదేసి స్తంభాలు నిలిపేవారు. అవి బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం అనే అయిదు ఘట్టాలకు గుర్తులు.

తూర్పు ద్వారం దగ్గరి ఆయక స్తంభాలను ఇచ్చినది రాజు కాదు, సిద్ధార్థుడనే ఆవేశని, అంటే పనివాళ్ల మేస్త్రీ. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఆ సంగతి ప్రాకృతంలో చెక్కించాడు. ఆ శాసనంలోని బ్రాహ్మీ అక్షరాల నిలువు గీతలు తీగల్లా కిందికి సాగుతాయి. మరో మూడు శతాబ్దాలకు ఆచార్య నాగార్జునుడి శిష్యపరంపరలోని చంద్రప్రభుడు ఇక్కడ బుద్ధ విగ్రహం పెట్టించాడు. అప్పటికీ ఈ గుట్టకు జనం వస్తూనే ఉన్నారన్నమాట.

స్తూపం పలకల్లో పేరుపడ్డది మాంధాత చక్రవర్తి బొమ్మ. రాజు కుడిచెయ్యి పైకెత్తాడు. తలకు బరువైన పాగా, పైన గొడుగు. మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు చినుకుల్లా రాలుతున్నాయి. ఆ కాలపు వెండి విద్ధాంక నాణేల్లో, అంటే ముద్రలు గుద్దిన వాటిలో, చాలా నలుచదరంగా ఉండేవి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి వంటి చక్రవర్తి సప్తరత్నాలు. జాతక కథలో ఈ మాంధాత ఎంత వచ్చినా చాలక, ఇంద్రుడి రాజ్యం కూడా కావాలని ఆశపడి స్వర్గం నుంచి జారిపడతాడు. ధనం పేరున్న గుట్ట మీద ధనం కురిసే రాజు, ఆ రాజు కథలో అత్యాశకు పతనం.

ఆ పలక ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గుట్ట మీద మిగిలినవి శిథిలాలే. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారమైనదీ సున్నపురాయే.

పాత రాళ్లను వేరేచోట్ల ఎలా నిలుపుకున్నారో చూడు. మెక్సికో యుకతాన్ తీరంలో మాయా జనం కూడా తమ కట్టడాలను సున్నపురాతితోనే కట్టారు. అక్కడి పోలే రేవు నుంచి పడవల మీద కోజుమేల్ దీవి గుడికి వెళ్లేవారు. ఆ పోలే శిథిలాల చుట్టూ 1990లో ష్కారెత్ అనే ప్రకృతి, సంస్కృతి ఉద్యానం వెలసింది. మన వైపు దాన్ని పోలినది నాగార్జునసాగర్‌లోని 274 ఎకరాల బుద్ధవనం. 2022లో తెరిచారు. అందులో మహాస్తూపం, జాతకవనం, చిన్న స్తూప నమూనాల స్తూపవనం ఉన్నాయి. పక్కనే నాగార్జునకొండ. ఆనకట్ట నీళ్లలో మునిగే లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదా, అనుపులోనూ తిరిగి నిలిపారు.

ష్కారెత్‌లో రాళ్లు పుట్టిన చోటే ఉన్నాయి. నాగార్జునకొండలో రాళ్లు గట్టెక్కాయి. ధనంబోడు రాళ్లు ఊరు దాటాయి. అందుకే చూసే వరస ముఖ్యం. మొదట గుట్ట ఎక్కి స్తూపం చుట్టుకొలత అడుగులతో లెక్కించాలి. తరవాత బుద్ధవనంలో స్తూపం పూర్తి రూపం, ఆయకాలతో సహా, కంటికి ఎక్కించుకోవాలి. చివరికి ఎగ్మూరుకు వెళ్తే, అక్కడి మాంధాత పలక ఏ గుట్ట మీది స్తూపానిదో, అందులో దాని చోటు ఎలాంటిదో మనసుకు అందుతుంది.

ఇట్లు,
తాతయ్య