పాత స్పీకర్ల పునరుద్ధరణ - వాల్వు యాంప్లిఫయర్లతో పొందిక

ఇండ్లలో సంగీతం వినడానికి 1950 - 1975 సంవత్సరాల మధ్య తయారైన స్పీకర్లకు నేడు మళ్ళీ ఆదరణ లభిస్తున్నది. వాటిని వెదకి కొనేవారు సాధారణంగా రెండు పనులు తలపెడతారు. ఒకటి, లోపలి భాగాలను మార్చి స్పీకరును మెరుగుపరచడం. రెండవది, దానిని వాల్వు యాంప్లిఫయరుతో జతపరచడం. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో వేడెక్కిన లోహం నుండి వెలువడే ఎలక్ట్రానులను అదుపులో ఉంచి, బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంపొందించే సాధనమే వాల్వు. అమెరికావారు దీనినే ట్యూబు అంటారు. ట్రాన్సిస్టరు రాకమునుపు, స్విచ్చి వేసిన కొంతసేపటికి గాని పలకని రేడియో పెట్టెలలో వెలిగినవి ఈ వాల్వులే. పై రెండు పనులలోను తెలియక తలపెట్టిన మేలు కీడుగా పరిణమించే అవకాశం ఎక్కువ. పాత స్పీకర్లు చెడిపోవడానికి కాలం ఎంత కారణమో, కొత్త యజమానుల తొందరపాటు కూడా అంత కారణమని నా అభిప్రాయం.

తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు లేఖకుని దోషాన్ని దిద్దుతాడు, శిథిలమైన అక్షరాన్ని పూరిస్తాడు. కవి పద్యాన్ని తన పద్యంగా మార్చడు. మార్చితే అది పరిష్కరణ అనిపించుకోదు, ప్రక్షిప్తం అవుతుంది. పాత స్పీకరు విషయంలోను ఇదే న్యాయం. దీనిని తెలుసుకోవడానికి ఆ కాలపు స్పీకరు ఒకటి, యాంప్లిఫయరు ఒకటి ఉదాహరణగా తీసుకొందాము.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ నగరంలో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ అనేవారు స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ అనే సంస్థ 1954లో ఎ.ఆర్.-1 అనే స్పీకరును వెలువరించింది. అంతకుముందు మంద్రస్వరాలు చక్కగా వినిపించాలంటే బీరువా అంతటి పెట్టె కావలసి వచ్చేది. విల్చర్ పెట్టెను చిన్నదిగా చేసి, గాలి చొరబడకుండా పూర్తిగా మూసి, లోపల బంధింపబడిన గాలినే స్పీకరు శంకువును వెనుకకు నెట్టే స్ప్రింగుగా వాడుకొన్నాడు. లోహపు స్ప్రింగు కంటే, గుడ్డ స్ప్రింగు కంటే గాలి స్ప్రింగు సమంగా పనిచేస్తుంది. 1958లో వచ్చిన ఎ.ఆర్.-3లో పై స్వరాలకు గుమ్మటపు ఆకారంగల చిన్న స్పీకర్లను చేర్చారు. ఇంత చిన్న పెట్టెలో ఇంత లోతైన ధ్వని రావడానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉన్నది. ఈ స్పీకర్లు ఎక్కువ విద్యుత్తును తీసుకొని తక్కువ శబ్దాన్ని ఇస్తాయి.

ఆ విద్యుత్తును అందించిన యాంప్లిఫయర్ల చరిత్ర బ్రిటన్‌లో మొదలవుతుంది. డి.టి.ఎన్. విలియమ్సన్ 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రచురించిన 15 వాట్టుల యాంప్లిఫయరు నమూనా చూచి ఎందరో ఔత్సాహికులు స్వయంగా నిర్మించుకొన్నారు. అమెరికాలో డేవిడ్ హాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్ 1951లో అల్ట్రా లీనియర్ అనే పద్ధతిని ప్రకటించారు. హాఫ్లర్ నడిపిన డైనాకో సంస్థ 1959లో స్టీరియో 70ని విడుదల చేసింది. ఒక్కొక్క ప్రక్కకు రెండు ఇ.ఎల్. 34 వాల్వులు, 35 వాట్టుల శక్తి. విడి భాగాల పెట్టెగా అమ్మితే, కొన్నవారు ఇంటిలో సోల్డరింగ్ చేసుకొని పూర్తిచేసేవారు.

1960 ప్రాంతంలో ఈ రెండు సంస్థలు కలసి సభలు నిర్వహించాయి. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే తంత్రీవాద్య బృందం వేదికపై వాయిస్తూ నడుమ నడుమ ఆపేవారు. చేతులు ఆడుతూనే ఉండేవి. ముందుగా రికార్డు చేసిన అదే సంగీతం డైనాకో యాంప్లిఫయర్ల ద్వారా ఎ.ఆర్.-3 స్పీకర్లలో నుండి వచ్చేది. ఈ మార్పు ఎక్కడ జరిగినదో శ్రోతలు పలువురు గుర్తించలేకపోయారు. ఈ జత నేటి ఊహ కాదనీ, ఆనాడే పరీక్షకు నిలిచినదనీ దీనివలన తెలుస్తున్నది.

ఇక కాలం ఈ స్పీకర్లకు ఏమి చేస్తుందో పరిశీలించాలి. మొదటిది గాలి బందోబస్తు. తొలినాటి ఎ.ఆర్. స్పీకర్లలో శంకువు చుట్టూ ఉన్న అంచు గుడ్డతో చేసినది. దానికి పూసిన పూత ఎండి సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. పెద్ద స్పీకరు శంకువును వ్రేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కి వదలిచూడాలి. అది తీరికగా వెనుకకు వస్తే పెట్టె గట్టిగా ఉన్నట్లు. టక్కున వస్తే గాలి ఎక్కడో కారుతున్నది. తరువాతి కాలపు స్పీకర్లలో అంచు ఫోము. గాలిలోని తేమ వలన, ప్రాణవాయువు వలన ఇది పదిహేను, ఇరవై ఏండ్లలో పొడి పొడిగా రాలిపోతుంది. కొత్త ఫోము అతికించవచ్చు. అయితే అది పాతదానివలెనే మెత్తగా ఉండాలి. గట్టి అంచు వేస్తే శంకువు యొక్క సహజ కంపన సంఖ్య పెరిగి మంద్రస్వరం పలుచబడుతుంది. గాలి చేయవలసిన స్ప్రింగు పనిని రబ్బరుకు అప్పగించినట్లవుతుంది. పెట్టెలోని గాజునారను తీసి కొత్త దూది కూరేవారు కూడా ఉన్నారు. ఆ నార తూకం సైతం నిర్మాత లెక్కలో భాగమే. దానిని ముట్టుకోకపోవడమే మంచిది.

రెండవది క్రాసోవర్. మంద్ర, మధ్య, తార స్వరాలను విడదీసి తగిన స్పీకరుకు పంపే చిన్న మండలం ఇది. ఇందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువ దశాబ్దాలలో మారిపోతుంది. 8 ఓముల ట్వీటరుకు 4 మైక్రోఫారాడ్ల కెపాసిటరు ఉన్నదనుకొందాము. విభజన సుమారు 5000 హెర్ట్జ్ వద్ద జరుగుతుంది. అదే కెపాసిటరు 5 మైక్రోఫారాడ్లకు పెరిగితే ఆ హద్దు 4000కు దిగుతుంది. సున్నితమైన ట్వీటరు తనది కాని బరువు మోయవలసి వస్తుంది. మీటరుతో కొలిచి, నూటికి పది పాళ్ళకు మించి తేడా ఉంటే అదే విలువగల కొత్త కెపాసిటరు వేయాలి. ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. కొత్త ఫిల్ము కెపాసిటర్లలో అంతర్నిరోధం బహు తక్కువ. కావున మార్చిన తరువాత పై స్వరాలు కొంచెం పదునెక్కవచ్చు. కొనినవాడు దానిని మెరుగు అని మురిసిపోతాడు. నెల తిరిగేసరికి చెవి నొప్పి అంటాడు. కెపాసిటరుతో వరుసలో ఒక ఓములో కొంత భాగం విలువగల నిరోధకాన్ని చేర్చితే పాత సమతౌల్యం తిరిగి వస్తుంది.

మూడవది చాలమందిని మోసగించేది. ఎ.ఆర్. పెట్టె వెనుక మధ్య, తార స్వరాల స్థాయిని సవరించే రెండు బిరడాలు ఉంటాయి. వీటి లోపలి తీగచుట్ట తుప్పుపట్టి సంకేతాన్ని ఆపివేస్తుంది. ట్వీటరు చనిపోయిందనుకొని దానిని పీకివేసి, దొరికిన కొత్త ట్వీటరును బిగించినవారు లెక్కకు మించి ఉన్నారు. తుప్పు గీకి శుభ్రం చేస్తే చాలా సందర్భాలలో పాత ట్వీటరే పలుకుతుంది. నేడు తయారుకాని భాగాన్ని చెత్తకుప్పలో వేయడానికి ముందు అర్ధగంట సేపు బిరడాను విప్పి చూడడం భారం కాదు.

స్పీకరు బాగుపడిన తరువాతనే యాంప్లిఫయరు ప్రసక్తి. వాల్వు అధిక వోల్టేజి వద్ద స్వల్ప ప్రవాహాన్ని ఇస్తుంది. స్పీకరుకు కావలసినది తక్కువ వోల్టేజి, హెచ్చు ప్రవాహం. ఈ రెంటికి సంధి కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. స్టీరియో 70లోని వాల్వుల జతకు సుమారు 4300 ఓముల భారం కావాలి. స్పీకరు 8 ఓములు. వీటి నిష్పత్తికి వర్గమూలం కట్టితే 23 వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరులో చుట్ల నిష్పత్తి అదే. వెనుక 4, 8, 16 అని వ్రాసి ఉన్న స్క్రూల అర్థమిదే. ఎ.ఆర్.-3 నాలుగు ఓముల స్పీకరు. దానిని 8 అనే స్క్రూకు కలిపితే వాల్వులకు 4300కు బదులు 2150 ఓములే కనిపిస్తాయి. ధ్వనిలో వికృతి హెచ్చి, వాల్వుల ఆయువు తగ్గుతుంది.

తరువాత శక్తి లెక్క. ఒక వాట్టు ఇచ్చినపుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్ల శబ్దం వచ్చునో దానిని సున్నితత్వం అంటారు. పాల్ క్లిప్ష్ 1946లో తెచ్చిన క్లిప్షార్న్ స్పీకరుకు ఇది సుమారు 104. బ్రిటన్‌లో బి.బి.సి. ఇంజనీర్లు 1970లలో రూపొందించిన ఎల్.ఎస్.3/5ఎ అనే చిన్న స్పీకరుకు 82.5. మూడు డెసిబెల్ల తేడాకు శక్తి రెట్టింపు కావాలి కాబట్టి, మొదటిది ఒక వాట్టుతో చేసే శబ్దానికి రెండవదానికి సుమారు 140 వాట్టులు కావాలి. ఒక్క 300బి వాల్వుతో 8 వాట్టులు ఇచ్చే యాంప్లిఫయరు క్లిప్షార్న్‌కు పుష్కలం, ఎ.ఆర్.-3కి అది చాలదు.

అయితే సున్నితత్వం ఒక్కటే ప్రమాణమనుకొంటే పొరపాటు. ఎల్.ఎస్.3/5ఎ మొదటి రకం వాల్వులతో ఎంతో హాయిగా పలుకుతుందని పేరు. దాని అవరోధం 15 ఓములు కావడం ఇందుకు ముఖ్య కారణం. ప్రతి యాంప్లిఫయరుకు తనదంటూ కొంత అంతర్గత అవరోధం ఉంటుంది. స్పీకరు అవరోధం స్వరాన్ని బట్టి మారుతూ, ఒకచోట 4 ఓములకు దిగి మరొకచోట 30కి లేచే స్వభావం కలది అనుకొందాము. యాంప్లిఫయరు అవరోధం అర ఓము అయితే ఆ రెండు చోట్ల ధ్వనిలో తేడా ఒక డెసిబెల్ లోపే. అదే 2.7 ఓములైతే తేడా సుమారు 3.7 డెసిబెల్లు. అనగా యాంప్లిఫయరే స్వరాలను హెచ్చుతగ్గులు చేస్తున్నది. ‘వాల్వు మాధుర్యం’ అని మనం మెచ్చుకొనేదానిలో కొంత ఈ పొందికలేమి ఫలితమేనని నిజాయితీగా ఒప్పుకోవాలి. అది చెవికి ఇంపుగా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అదృష్టం మీద వదలవలసిన విషయం మాత్రం కాదు.

ఇంతవరకు చెప్పినవాటిలో తప్పు చేస్తే పోయేది స్పీకరు. ఇకమీద చెప్పబోయేదానిలో పోయేది ప్రాణం. వాల్వు యాంప్లిఫయరులో 400 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. స్విచ్చి ఆపినా, ప్లగ్గు తీసినా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. తగిన నిరోధకం ద్వారా దానిని విడుదల చేసి, మీటరుతో సున్నా చూచిన తరువాత గాని చేయి పెట్టరాదు. నేర్చినవారు ప్రక్కన లేకుండా విద్యార్థులు ఈ పెట్టెను విప్పనే రాదు. అమెరికాలోని బంధువులు పంపిన యాంప్లిఫయరైతే అది 120 వోల్టుల, 60 హెర్ట్జ్‌ల యంత్రం. మన 230 వోల్టులకు సూటిగా కలిపితే ఆ క్షణమే దాని అంతిమ క్షణం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వేసినా హెర్ట్జ్‌లు 50గానే ఉంటాయి గనుక లోపలి ట్రాన్స్‌ఫార్మరు మరికొంచెం వేడెక్కుతుంది. గాలి ఆడేచోట ఉంచాలి.

స్టీరియో 70లో వాల్వులకు బయాస్ అందించే సెలీనియం రెక్టిఫయరు ముసలిదైతే వాల్వుల లోపలి లోహపు రేకులు ఎర్రగా కాలిపోతాయి. దాని స్థానంలో సిలికాన్ డయోడు వేయడం నేను సంతోషంగా అంగీకరించే మార్పు. దోషం పోతుంది, ధ్వని మారదు. ఆ పిమ్మట ముందువైపు సాకెట్‌లో మీటరు పెట్టి 1.56 వోల్టులు వచ్చేటట్లు సరిచేయాలి. అక్కడి నిరోధకం 15.6 ఓములు కనుక రెండు వాల్వులకు కలిపి 100 మిల్లీ ఆంపియర్లు నడుస్తున్నట్లు లెక్క. ఇ.ఎల్. 34 వాల్వులు రష్యా, స్లొవేకియా, చైనాలలో నేటికీ తయారవుతున్నాయి. స్పీకరు తీగలు కలపకుండా మాత్రం ఈ యాంప్లిఫయరును పలికించరాదు. భారం లేని ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతంగా లేచి చుట్లను కాల్చివేస్తుంది.

పనికి దిగేవారు రెండు స్పీకర్లను ఒకేసారి విప్పరాదు. ఒకదానిని సవరించి, ముట్టుకోని రెండవదాని ప్రక్కన ఉంచి, ఒకే రికార్డును మార్చి మార్చి వినాలి. వాద్యాల కంటే పరిచితమైన మనిషి గొంతు మంచి పరీక్ష. ఘంటసాల గాని, బేగం అఖ్తర్ గాని, మనకు కంఠస్థమైన స్వరంలో చిన్న తేడా కూడా చెవి పట్టుకొంటుంది. తాళపత్రాల చివర లేఖకుడు తన పేరు, వ్రాసిన తిథి వ్రాసుకొనేవాడు. అట్లే ఏ భాగం తీశామో, ఏ విలువది వేశామో, ఏ తేదీన వేశామో ఒక చీటీపై వ్రాసి పెట్టె వెనుక అతికించి, తీసిన భాగాలను ఒక పొట్లంలో భద్రపరచాలి. మన తరువాత దానిని విప్పేవారికి ఆ చీటీ, ఆ పొట్లం రెండూ అవసరమవుతాయి.